53వ వీధిలో ఆ చిన్న పార్కు ఎందుకంత బాగుంటుంది? డిజైన్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

ఎడిసన్_లోకల్

అందరికీ నమస్తే. మాన్‌హాటన్‌లో ఫిఫ్త్ అవెన్యూ దగ్గర 53వ వీధిలోకి తిరిగి మాడిసన్ అవెన్యూ వైపు నాలుగడుగులు వేస్తే ఎడమ చేతి పక్కన పేలీ పార్క్ అని ఒకటుంది. సబ్‌వేలో (భూమి కింద నడిచే రైలు) 'E' లైన్ ట్రెయిన్ ఎక్కి ఫిఫ్త్ అవెన్యూ స్టేషన్లో దిగేవాళ్లకి తెలిసే ఉంటుంది. రెండు బిల్డింగుల మధ్య సందులా ఉంటుంది, వెనక గోడంతా జలపాతం, మధ్యలో చెట్లు, తెల్ల కుర్చీలు. అంతే. అక్కడ చూడటానికి ఇంకేం లేదు, కానీ మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో ఖాళీ కుర్చీ దొరకదు.

వేసవికి మా నాన్నగారు వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆయన మునిసిపాలిటీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు, ఏ జాగా చూసినా ముందు కొలత కావాలి ఆయనకి. ఈ చివర నుంచి ఆ చివరకి అడుగులేసుకుంటూ నడిచి వచ్చి "ఐదొందల గజాలు కూడా లేదురా ఇది, మన దగ్గరయితే ఈపాటికి స్టిల్ట్ ప్లస్ ఫైవ్ లేచేది" అన్నారు. తర్వాత ఇంటికి వెళ్దామంటే లేవరు. గంటసేపు అక్కడే, పేపర్ కూడా లేకుండా!

నా ప్రశ్నలు ఏంటంటే, ఒకటి, అంత చిన్న జాగా లోపల కూర్చుంటే పెద్దగా ఎందుకనిపిస్తుంది? రెండోది, ఆ నీళ్ల హోరు బాగా గట్టిగానే ఉంటుంది, అయినా పక్కనున్న మనిషితో హాయిగా మాట్లాడుకోవచ్చు, అదెలా? మా ఆఫీసులో ఒకాయన "అంతా వాటర్‌ఫాల్ మహిమే, ఎక్కడ నీళ్లు పెడితే అక్కడికి జనం వస్తారు" అంటాడు. మరి మా ఆఫీసు బిల్డింగ్ ముందు కూడా పెద్ద ఫౌంటెన్ ఉంది, సిగరెట్ తాగేవాళ్లు తప్ప ఒక్కరూ నిలబడరు అక్కడ. కాబట్టి నీళ్లు ఒక్కటే కాదని నా డౌటు. ఆర్కిటెక్చర్ వాళ్లెవరైనా ఉంటే విడమరిచి చెప్పండి ప్లీజ్.

---

నీడ_లెక్కలు

నేను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని, హైదరాబాద్‌లో ప్రాక్టీస్. మా కోర్సులో ఈ పార్కు చెప్పని సెమిస్టర్ ఉండదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

మీ నాన్నగారి లెక్క కరెక్టే. వెడల్పు 42 అడుగులు, లోతు 100, అంటే 4,200 చదరపు అడుగులు, గజాల్లో 467 దాకా వస్తుంది. 1967 మే నెలలో తెరిచారు. డబ్బు పెట్టింది సీబీఎస్ అనే టీవీ, రేడియో సంస్థకి అప్పటి ఛైర్మన్ విలియం పేలీ, వాళ్ల నాన్న శామ్యూల్ పేలీ పేరు మీద. డిజైన్ జయన్ అండ్ బ్రీన్ అనే సంస్థది. అందులో రాబర్ట్ జయన్ అనే ఆయన 1963లోనే ఒక ఎగ్జిబిషన్‌లో ఈ ఐడియా పెట్టాడు: బిల్డింగుల మధ్య మిగిలిపోయిన ఒక్కో ప్లాటుని చిన్న పార్కు చేయొచ్చు, పార్కంటే ఎకరాలు అక్కర్లేదు అని. అప్పట్లో న్యూయార్క్ పార్కుల శాఖలో ఇంత చిన్నవి అంటే పెద్దగా గిట్టేది కాదు, మెయింటెనెన్స్ తలనొప్పి అని.

అందరూ ఫోటో తీసేది జలపాతాన్నే. నన్నడిగితే అసలు పని చేసేది పార్కు ముందు వైపున్న పది పదిహేను అడుగులు. ఈసారి వెళ్లినప్పుడు లోపలికి పోకుండా ఫుట్‌పాత్ మీదే ఆగి కింద చూడండి. పార్కు లోపల పరిచిన రాళ్ల నేలే బయటికొచ్చి రోడ్డు అంచు దాకా పరుచుకుని ఉంటుంది. లోపలున్న జాతి చెట్లే ఫుట్‌పాత్ మీద కూడా వేశారు. అంటే మీరు ఇంకా వీధిలో నడుస్తున్నామనే అనుకుంటుంటారు, కాళ్లు మాత్రం అప్పటికే పార్కులో పడ్డాయి. తర్వాత నాలుగు మెట్లు, బాగా తక్కువ ఎత్తువి, పక్కన ర్యాంపులు. అమెరికాలో పబ్లిక్ స్థలాలని కెమెరాలు పెట్టి ఏళ్ల తరబడి గమనించిన విలియం హెచ్. వైట్ అనే ఆయన ఈ మెట్ల గురించే రాశాడు. మనిషి ఆగి చూస్తాడు, ఒక మెట్టెక్కుతాడు, ఇంకోటెక్కుతాడు, లోపలికి పోవాలని అనుకోకుండానే లోపల ఉంటాడు. దారిన పోయేవాళ్లలో దాదాపు సగం మంది తల తిప్పి లోపలికి చూస్తారని, చూసినవాళ్లలో మళ్లీ సగం మంది నవ్వుతారని కూడా ఆయనే గమనించాడు. లోపల కూర్చోనివాడికి కూడా పార్కు ఎంతో కొంత ఇచ్చినట్టే కదా. మన దగ్గర పార్కు అనగానే ఆరడుగుల గోడ, గేటు, గేటు పక్కన నిబంధనల బోర్డు.

పెద్దగా ఎందుకనిపిస్తుందంటే, అందులో గడ్డి లేదు చూశారా? నేలంతా గరుకు గ్రానైట్. చెట్ల మొదళ్ల చుట్టూ గట్లు కట్టలేదు, చెట్టు నేరుగా రాళ్ల మధ్య నుంచి లేస్తుంది. అంటే 467 గజాల్లో అంచుల్లో ఉన్న మొక్కల జాగా తీసేస్తే మిగతా అంతా మనిషి తిరిగే చోటే. అదే సైజు జాగాలో మధ్యన లాన్ వేసి చుట్టూ దారి వేస్తే మనకి మిగిలేది ఆ దారి మాత్రమే. పచ్చదనం కావాలి కాబట్టి దాన్ని గోడలకెక్కించారు, రెండు పక్కలా గోడల నిండా ఐవీ తీగ. జయన్ ఆ గోడల్ని నిలువు పచ్చికలు అనేవాడట.

చెట్లు హనీ లోకస్ట్, ముళ్లు లేని రకం. మన చింత, తుమ్మ ఉన్న చిక్కుడు కుటుంబమే. ఆకు చింతాకులా సన్నం కాబట్టి నీడ ముద్దగా పడదు, జల్లెడలోంచి వచ్చినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. వసంతంలో ఆలస్యంగా చిగురిస్తుంది, శరదృతువులో తొందరగా రాలుస్తుంది, ఎండ కావాల్సిన చల్లటి నెలల్లో అడ్డం రాదన్నమాట. వాటిని పన్నెండడుగుల ఎడంలో వేశారు. మామూలుగా అంత దగ్గరగా ఎవరూ వేయరు. వేస్తే ఏమైందంటే కొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పైకప్పు అయింది. తల ఎత్తితే చుట్టూ ఉన్న టవర్లు కనపడవు, ఆకులే కనపడతాయి. మిడ్‌టౌన్‌లో (మాన్‌హాటన్ నడిమధ్య ఆఫీసు టవర్ల ఏరియా) మనకి ఇరుకనిపించేది నేల మీద కాదు, పైనున్న ఆ అద్దాల గోడల వల్లే.

ఇప్పుడు నీళ్లు. ఇరవై అడుగుల ఎత్తు, వెనక గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా, నిమిషానికి 1,800 గ్యాలన్లు, మళ్లీ మళ్లీ తిరిగే నీళ్లే. వైట్ ఆ హోరుని కొలిస్తే దగ్గర్లో 75 డెసిబెల్స్ వచ్చింది, బయట రోడ్డు మీద కంటే ఎక్కువ! ఆ శబ్దాన్ని టేపు చేసి, అదేంటో చెప్పకుండా జనానికి వినిపిస్తే చాలామంది మొహం చిట్లించి సబ్‌వే రైలు అనో, హైవే మీద లారీలు అనో అన్నారట. అదే శబ్దం, కళ్ల ముందు నీళ్లు పడుతుంటే మాత్రం హాయి. ఇక మీరు మాట్లాడుకోగలగడం సంగతి. నీళ్ల శబ్దం ఒకే తీరుగా ఆగకుండా ఉంటుంది, హారన్ లాగా ఉలికిపడేలా రాదు. దూరంగా ఉన్న హారన్లు, పక్క టేబుల్ వాళ్ల మాటలు అందులో మునిగిపోతాయి. రెండడుగుల దూరంలో ఉన్న మీ నాన్నగారి గొంతు మునగదు. ఒక రకంగా ప్రతి టేబులుకీ కనపడని గోడ కట్టినట్టు. మీ ఆఫీసు ఫౌంటెన్ ఎక్కడుంది, దాని చుట్టూ కూర్చోవడానికి ఏముంది అన్నది చెబితే అక్కడ జనం ఎందుకు ఆగరో చెప్పగలను. బహుశా కూర్చోవడానికి ఏమీ ఉండి ఉండదు.

---

క్వీన్స్_పిన్ని

పైన ఆయన అంత రాసి కుర్చీల సంగతి వదిలేశారేంటి! నా దృష్టిలో సగం పార్కు కుర్చీలే. నేను మిడ్‌టౌన్‌లోనే పనిచేస్తాను, బాక్సు పట్టుకుని అక్కడికే వెళ్తుంటాను. ఒకసారి తినడం ఆపి జనం ఎలా కూర్చుంటున్నారో చూడండి బాబూ, సినిమా అక్కర్లేదు. వచ్చిన మనిషి కుర్చీ వీపు పట్టుకుంటాడు, ఓ నాలుగంగుళాలు అటు జరుపుతాడు, మళ్లీ ఇటు జరుపుతాడు, చివరికి అది మొదట ఎక్కడుందో అక్కడే ఉంటుంది, అప్పుడు కూర్చుంటాడు. చుట్టూ ఎవ్వరూ లేకపోయినా అంతే. ఎందుకు జరిపావయ్యా అంటే చెప్పలేడు. ఇది నా ఒక్కదాని చాదస్తమనుకున్నా, పైన చెప్పిన ఆ వైట్ గారి ఫిల్ముల్లో కూడా ఇదే పడిందట. కుర్చీ ఎక్కడ వేసుకోవాలో నా ఇష్టం అన్న ధీమా ఉంటే చాలు, నిజంగా జరపకపోయినా పర్లేదు.

ఇంకోటి, దాంతో మర్యాద కూడా కుదురుతుంది. ఇద్దరు కొత్తవాళ్లు పక్కపక్కన పడితే ఒకళ్లు కొంచెం కుర్చీ తిప్పుకుంటారు, నీ జోలికి రానులే అన్నట్టు. బెంచీ మీద ఆ వీలేది? బెంచీకి ఒక మూల ఒకాయన కూర్చుంటే ఇంకెవరూ కూర్చోరు, ముగ్గురి బెంచీ ఒక్కడిదైపోతుంది.

ఆ కుర్చీలు బెర్టోయా అనే ఆయన డిజైన్ చేసిన వైరు కుర్చీలు, గుండ్రటి చిన్న టేబుళ్లు సారినెన్‌వి, పైన పాలరాయి. రెండూ డిజైనర్ షాపుల్లో కొనాలంటే గుండె గుభేలుమనే రకం. వాటిని వీధిలో ఉన్న పార్కులో వదిలేశారు, గొలుసుల్లేకుండా! వైరువి కాబట్టి వాన నీళ్లు నిలవవు, చెయ్యి పెట్టి దులిపితే కూర్చోవచ్చు, నాలాంటిది కూడా ఒంటి చేత్తో లాక్కోగలదు.

వాకిట్లోనే చిన్న కాఫీ, స్నాక్స్ కొట్టు ఉండటం కూడా ప్లాన్‌లో భాగమే. చేతిలో కప్పు ఉంటే మనం ఎందుకు కూర్చున్నామో ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ముఖ్యంగా ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకి.

మీ నాన్నగారు మళ్లీ వస్తే 51వ వీధిలో, సెకండ్, థర్డ్ అవెన్యూల మధ్య గ్రీనేకర్ పార్క్‌కి తీసుకెళ్లండి. దీని చెల్లెలు. 1971లో తెరిచారు, రాక్‌ఫెల్లర్ల ఆడపడుచు ఆబీ రాక్‌ఫెల్లర్ మోజే ఇచ్చింది, హిడియో సాసాకీ సంస్థ డిజైన్. ఏడొందల గజాల దాకా ఉంటుంది. జలపాతం ఇంకా ఎత్తు, ఇరవై ఐదడుగులు, అది కూడా ఒక తెరలా కాకుండా పెద్ద పెద్ద బండల మీద నుంచి దూకుతుంది. నేల మూడు మట్టాల్లో ఉంటుంది, నీళ్ల దగ్గర కిందికి దిగి కూర్చోవచ్చు, పక్కన పందిరి కింద ఎత్తు మీద కూర్చోవచ్చు, చలికి పందిట్లో హీటర్లు కూడా పెట్టారు. నాకు గ్రీనేకరే ఎక్కువ ఇష్టం, పేలీ కొంచెం ఆఫీసోళ్ల పార్కులా అనిపిస్తుంది. చుట్టుపక్కల ఎత్తైన టవర్లకి పర్మిషన్లు ఇస్తే గ్రీనేకర్‌కి ఎండ పోతుందని కొన్నేళ్ల కింద పెద్ద గొడవే చేశారు. చిన్న పార్కుకి పక్కవాడి బిల్డింగే వాతావరణం మరి.

---

ఉన్నమాట_అంటా

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను కాస్త ఉప్పు వేస్తా.

ఇది ప్రజల పార్కు కాదు బాబులూ. ప్రైవేటు జాగా, నడిపేది పేలీ ఫౌండేషన్ డబ్బు, రాత్రి గేట్లు వేస్తారు. 1999లో మొత్తం విప్పి మళ్లీ అదే డిజైన్‌లో కట్టారు, ఏ ఊరి మునిసిపాలిటీకి ఆ స్తోమత ఉంటుంది? రోజూ ఊడ్చేవాళ్లు, పంపులు చూసేవాళ్లు, పూలకుండీలు మార్చేవాళ్లు ఉంటే నా పెరడు కూడా ఆర్కిటెక్చర్ పుస్తకాల్లోకి ఎక్కుద్ది. డిజైన్ వల్ల బాగుందా, మెయింటెనెన్స్ వల్ల బాగుందా అన్నది విడదీయకుండా కుర్చీల పొగడ్తలు అనవసరం.

ఎడిసన్ బ్రో ఆఫీసు ఫౌంటెన్ కథ వెనక కూడా డబ్బే ఉండొచ్చు. 1961లో న్యూయార్క్ జోనింగ్ రూల్స్‌లో (ఎక్కడ ఎంత కట్టొచ్చో చెప్పే రూల్స్) ఒక ఆఫర్ పెట్టారు: బిల్డింగ్ ముందు జనం కోసం ఒక చదరపు అడుగు ఖాళీ జాగా, అంటే ప్లాజా, వదిలితే పైన పది చదరపు అడుగుల ఫ్లోర్ ఎక్స్‌ట్రా కట్టుకోవచ్చు అని. బిల్డర్లు ఊరుకుంటారా? వదిలారు. వదిలి, జనం కూర్చోకుండా గట్ల మీద ఇనుప మేకులు, చువ్వలు, ఏటవాలు రాళ్లు పెట్టినవాళ్లూ ఉన్నారు. జాగా ఇచ్చాం, బోనస్ తీసుకున్నాం, ఖేల్ ఖతం. ఆ వైట్ గారి రీసెర్చ్ అయ్యాక 1975లో రూల్స్ మార్చి ఇంత జాగాకి ఇంత కూర్చునే పొడవు ఉండాలని పెట్టారు, ముప్ఫై చదరపు అడుగుల ప్లాజాకి ఒక అడుగు సీటింగ్ అనుకుంటా ఆయన లెక్క. పేలీ పార్కు ఈ బోనస్ బాపతు కాదు, అది ఒప్పుకుంటా. బదులుగా ఏమీ తీసుకోకుండా ఇచ్చాడు పేలీ.

ఇంకో ముక్క. ఆ ప్లాటులో అంతకుముందు ఏముందో తెలుసా? స్టార్క్ క్లబ్. సినిమా తారలు, కోటీశ్వరులు వచ్చే నైట్‌క్లబ్. గుమ్మానికి పద్నాలుగు క్యారెట్ల బంగారు గొలుసు అడ్డం, మనిషిని చూసి నచ్చితేనే తీసేవాళ్లు. 1951లో జోసెఫీన్ బేకర్ అంతటి కళాకారిణి వెళ్లి ఆర్డరిస్తే, నల్లజాతి మనిషని సర్వ్ చేయకుండా అవమానించారని దేశమంతా రచ్చ అయింది. 1965లో మూతపడింది, పడగొట్టి ఈ పార్కు కట్టారు. పగలు ఎవరైనా అడ్డు లేకుండా లోపలికి రాగల పార్కుని కచ్చితంగా ఆ జాగాలోనే పెట్టడం నాకు నచ్చిన ఒకే ఒక్క డిటైల్. అది డిజైనర్ గొప్పా, రియల్ ఎస్టేట్ యాదృచ్ఛికమా అంటే నేను రెండోదే అంటాను.

---

నీడ_లెక్కలు

ఉన్నమాట గారూ, మెయింటెనెన్స్ మాట నిజం. కానీ డిజైనే మెయింటెనెన్స్‌ని తగ్గించిన చోట్లు కూడా చూడాలి. గడ్డి లేదు కాబట్టి కోయడం, తడపడం లేదు. చిన్న ఆకు కాబట్టి ఊడ్చితే పోతుంది, కాలువలు మూసుకోవు. నేల గరుకు రాయి కాబట్టి తడిలో జారదు, అరిగినా తెలీదు. గోడలకి తీగ కాబట్టి రంగులు వేయక్కర్లేదు, పోస్టర్లు అంటించడానికి వీల్లేదు. జలపాతం ఒక్కటే ఖరీదైన సరదా.

---

ఎడిసన్_లోకల్

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. నిన్న ఆఫీసు ముందు ఫౌంటెన్ దగ్గర చూశాను. చుట్టూ గట్టు ఉంది కానీ వెడల్పు జానెడు, దాని మీద ఇత్తడి గుబ్బలు వరసగా బిగించారు, ఇన్నాళ్లూ అవి డెకరేషన్ అనుకునేవాణ్ని! పార్కులో మెట్ల సంగతి కూడా నాన్నకి ఫోన్ చేసి చెబితే "అవును, నాకు మోకాళ్ల నొప్పి, అక్కడ ఎక్కినట్టే గుర్తులేదు" అన్నారు.

---

మియాపూర్_మూడో_లైన్

థ్రెడ్ మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా కాలనీ లేఅవుట్‌లో పార్కు కోసమని వదిలిన బిట్ ఒకటుంది, మూడొందల గజాలు. ఇన్నాళ్లూ ఇళ్లు కట్టుకునేవాళ్ల ఇసుక, కంకర, ఆ తర్వాత చెత్త. ఇప్పుడు అసోసియేషన్‌లో కదలిక వచ్చింది, చందాలు కూడా వేసుకున్నారు. ప్లాన్ ఏంటంటే చుట్టూ గోడ, ఆర్చి గేటు, మధ్యలో లాన్, లాన్ మధ్యలో కలర్ లైట్ల ఫౌంటెన్, దాతల పేర్లతో సిమెంటు బెంచీలు. ఆరు బెంచీలు ఇప్పటికే మాట ఇచ్చేశారు, ఆ పేర్లు ఎటు వైపు ఉండాలన్న దాని మీద ఒక మీటింగ్ మొత్తం అయిపోయింది. ఈ థ్రెడ్ చదివాక నాకు టెన్షన్ మొదలైంది. నీడ గారూ, మా జాగాకి పేలీ పార్కులోంచి ఏది పనికొస్తుంది, ఏది రాదు? జలపాతం పెట్టించమని మా సెక్రటరీకి చెప్పొచ్చా?

---

నీడ_లెక్కలు

జలపాతం వద్దు. ముందు ఆ మాట తీసేయండి. నిమిషానికి 1,800 గ్యాలన్లంటే 6,800 లీటర్లు, మీ కాలనీకి వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్ కంటే ఎక్కువ నీళ్లు ప్రతి నిమిషం పైకెక్కి కిందపడాలి. తిరిగే నీళ్లే అయినా పంపు, ఫిల్టరు, కరెంటు బిల్లు, ఎండాకాలం ఆవిరయ్యేది వేరే. కలర్ ఫౌంటెన్ కూడా అంతే, మొదటి సంవత్సరం జెండా పండగకి వెలుగుతుంది, మూడో సంవత్సరానికి దోమల తొట్టి. పైగా పేలీకి నీళ్లెందుకు అవసరమయ్యాయి? ట్రాఫిక్ రొదని మింగడానికి. మీది లోపలి లైను, అక్కడ వినపడేది కూరగాయల బండి, కుక్కర్ విజిలూ. వాటిని మింగాల్సిన అవసరమేంటి?

మీకు కావాల్సింది నీడ. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ దాకా నీడ లేని పార్కు సాయంత్రం ఆరు తర్వాతే పార్కు. కాబట్టి లాన్ డబ్బు చెట్లకి మళ్లించండి. కానుగ మంచిది, ఎండలు ముదిరేలోపే పాత ఆకు రాల్చి కొత్తది వేసుకుంటుంది, ఏప్రిల్‌కి దట్టమైన నీడ. వేప కూడా సరే. కాకపోతే పన్నెండడుగుల ఎడం కాపీ కొట్టొద్దు, అది పల్చటి ఆకున్న చెట్టుకి సరిపోయింది, కానుగకి పద్దెనిమిది, ఇరవై అడుగులివ్వండి. తురాయి వేయమని ఎవరో ఒకరు అంటారు, పూలు బాగుంటాయని. గాలివానకి కొమ్మలు విరిగి పడతాయి, కింద పిల్లలాడేచోట వద్దు. నేరేడు వేస్తే పళ్లు రాలే రోజుల్లో కుర్చీలన్నీ ఊదారంగే. చెట్ల కింద సిమెంటు పోసేయకండి, రాతి పలకలు ఇసుక మీద పరిచి సందుల్లో నీళ్లు ఇంకేలా వదలండి, తాండూరు బండ మీకు దగ్గర్లోనే దొరుకుతుంది. నున్నగా పాలిష్ చేసినది కాదు, గరుకుది.

ముందు గోడ గురించి గొడవ పడటానికి సిద్ధంగా ఉండండి. కుక్కలొస్తాయి, తాగుబోతులొస్తారు అంటారు. కుక్కలకి నడుం ఎత్తు గ్రిల్లు చాలు. తాగేవాళ్లకి ఆరడుగుల గోడే అడ్డా, బయటివాళ్లకి కనపడదు కాబట్టి. వీధిలో పోయేవాళ్లకి లోపల మూల దాకా కనపడితే వాళ్లు ఆ చోటు వెతుక్కోరు. వైట్ చెప్పిందీ దాదాపు అదే, పనికిమాలినవాళ్లొస్తారని భయపడి జాగాని ఎంత బిగిస్తే అది అంత వాళ్లదే అవుతుంది, మామూలు జనం ఎక్కువుంటే వాళ్లకే విసుగొచ్చి పోతారు. ఆర్చి డబ్బుతో గ్రిల్లు, ర్యాంపు రెండూ వస్తాయి. మెట్లు పెడితే నాలుగైదు అంగుళాల ఎత్తు దాటనివ్వకండి, మీ కాలనీలో పొద్దున్నే నడిచేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే అయ్యుంటారు.

దాతల బెంచీలు ఎలాగూ ఆపలేరు. అన్నీ ఒకే వరసలో, ఎదురుగా గోడని చూస్తూ వేయకుండా చూడండి, రెండేసి ఎల్ ఆకారంలో వేస్తే నలుగురు మొహాలు చూసుకుని మాట్లాడుకోవచ్చు. పేర్లు వీపు వెనక చెక్కిస్తే దారిన పోయేవాళ్లు కూడా చదువుతారని చెప్పండి, ఒప్పుకుంటారు.

---

క్వీన్స్_పిన్ని

మియాపూర్ బాబూ, ఆరు బెంచీలతో పాటు ఓ ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు కూడా పెట్టించు నాన్నా. ఫంక్షన్ హాల్లో వేసేవే, బెర్టోయావి కాదులే.

---

మియాపూర్_మూడో_లైన్

పిన్నిగారూ, కుర్చీలన్నానో లేదో మా ట్రెజరర్ "రెండ్రోజుల్లో ఒక్కటి మిగలదు" అన్నారు. గొలుసుతో చెట్టుకి కట్టేద్దామని ఇంకొకాయన.

---

ఉన్నమాట_అంటా

కట్టేస్తే అది బెంచీయే కదా స్వామీ, ఇంక కుర్చీ ఎందుకు! పొద్దున్న ఒకళ్లు బయట వేసి రాత్రి లోపల పెట్టాలి, అంతకంటే మంత్రం లేదు. మీ జాగా దగ్గర టీ బంకు ఉందా? ఉంటే గ్రిల్లు పక్కన వాడికి ఆరడుగులిచ్చి అద్దె బదులు కుర్చీల బాధ్యత అప్పగించండి. పొద్దున ఐదున్నరకి వాడే తెరుస్తాడు, రాత్రి వాడే లెక్కపెట్టుకుంటాడు, ఊడ్చే పని కూడా వాడిదే. కుర్రాళ్లు చేరతారని మీ సెక్రటరీ అంటాడు. చేరనీ, రెండు కుర్చీలు పెద్దాయనలు ముందే ఆక్రమించి ఉంటారుగా.

---

మియాపూర్_మూడో_లైన్

బంకు ఉంది, మూల మీదే. ఆదివారం మీటింగ్‌లో పెడతా. మూడొందల గజాల్లో పక్క ఇంటి సెప్టిక్ ట్యాంక్ కొంచెం లోపలికి వచ్చింది, అది ఎవరూ మాట్లాడట్లేదు.

---

నీడ_లెక్కలు

మీటింగ్ కంటే ముందు అది తేల్చండి, ఆ ట్యాంక్ పక్కన కానుగ వేస్తే వేళ్లు అందులోకే పోతాయి. టేపు పెట్టి నాలుగు వైపులా కొలతలు, ఉత్తరం ఎటో, రోడ్డు ఎటువైపో, మధ్యాహ్నం పన్నెండింటికి పక్క బిల్డింగ్ నీడ ఎక్కడ దాకా వస్తుందో ఒక కాగితం మీద గీసి ఫోటో ఇక్కడ పెట్టండి, శనివారం చూసి చెట్ల స్థానాలు గుర్తు పెట్టి ఇస్తాను. ఫీజేం వద్దు, బంకు వాడితో టీ ఇప్పిస్తే చాలు.